నత్తలకు పోసిన తీర్థం

తెల్లవారకముందే లేచి, స్నానం ముగించి, సూర్యభగవానునికి ఒక పద్యం సమర్పించనిదే మంచినీళ్ళైనా ముట్టని నియమం రత్తయ్యగారిది. పామర్రు హైస్కూల్లో ముప్పై ఆరేళ్ళు తెలుగు చెప్పి రిటైరైన ఆ పెద్దమనిషి, ఇప్పుడు విజయవాడ సత్యనారాయణపురంలో కొడుకు జయంత్ ఇంట ఉంటూ, నెలరోజులుగా ఆ నియమానికి మరొక విధిని చేర్చుకున్నారు. పూజగదిలోని రాగిబిందెలో రాత్రంతా తులసిదళాలతో నిలిచిన నీటిని రెండు చెంబులు ముంచి, హాల్లో ఉన్న మనుమరాలి అక్వేరియంలో పోయటం ఆ విధి.

ఎండలకు ఆ మూడడుగుల గాజుతొట్టెలో నీరు రోజూ కాస్త కాస్త తగ్గుతోంది. అమ్మాయి కీర్తన పొద్దుపోయేదాకా చదువుకొని పడుకుంటుంది. ఆమెను లేపటమెందుకని ఆయన ఎవరికీ చెప్పకుండా ఈ సేవ చేస్తున్నారు. రిబ్బనులవంటి పొడుగాకుల గడ్డి, నల్లరాతికి దారంతో కట్టిన చిన్న మొక్కలు, వాటి నడుమ ఉసిరికాయలంత పసుపుపచ్చని నత్తలు. కొమ్ములు సాచి గాజుమీద మెల్లగా ప్రాకే ఆ జీవాలను చూస్తూ, పరమాత్ముడు ఎంత ఓపికతో వీటిని చెక్కాడోనని ఆయన మురిసిపోయేవారు.

ఆనాడు మురిసేందుకు అక్కడ ఏమీ మిగలలేదు. ఇసుకమీద మరో మూడు నత్తలు నోరు తెరుచుకొని పడి ఉన్నాయి.

"ఇరవైకి ఏడు మిగిలాయి తాతయ్యా," అంది కీర్తన, నిద్రకళ్ళతో వచ్చి తొట్టెముందు కూలబడుతూ. "మొక్కలేమో కళకళలాడుతున్నాయి. ఇవెందుకు పోతున్నాయో నాకు అర్థం కావట్లేదు."

డిగ్రీ ముగించిన కీర్తనకు ఈ మొక్కలూ నత్తలూ పెంచి అమ్మటమే ఇష్టమైన పని. రంగుచేపల కొట్టు నడిపే లాజరు, ఆమె పెంచినవన్నీ తానే కొంటానని మాట ఇచ్చాడు. జయంత్ మాత్రం మూడు నెలల గడువు పెట్టాడు. అవి బతికి పిల్లలు పెడితే ఆమె ఇష్టం, లేకపోతే బ్యాంకు కోచింగు.

వంటింట్లోంచి నానమ్మ సుబ్బరత్నం తొంగిచూసింది. "పోనీలేవే. నిన్న నేను దోసకాయ తొక్కు వేసినందుకేమైనా అజీర్తి చేసిందేమో?"

"దోసకాయ వాటికి ఇష్టం నానమ్మా. మిగిలిన ముక్క నేను తీసేశాను కూడా." కీర్తన కళ్ళు తుడుచుకుంది. "ఇక నావల్ల కాదు. రాత్రే లాజరు అంకుల్‌కి ఫోన్ చేశాను. తొమ్మిదింటికి ఆటో తెచ్చి తొట్టె పట్టుకుపోతాడు."

ఆమె తన నోటుబుక్కును పాతపేపర్ల దొంతరమీదికి గిరాటువేసి స్నానానికి వెళ్ళింది. అక్షరం నేలపాలైతే చూడలేని రత్తయ్యగారు దాన్ని తీసి, నలిగిన పుటలను సవరిస్తూ, చదవసాగారు. ఏ రోజు ఎంత నీరు మార్చిందో, ఏ మొక్కకు ఆకు పండిందో, కుళ్ళకముందే ఎలా త్రుంచిందో, ఎంతసేపు లైటు వేసిందో అన్నీ ముత్యాలవంటి అక్షరాలలో ఉన్నాయి. ముప్పై ఆరేళ్ళలో ఇంత శ్రద్ధగల విద్యార్థి ఆయనకు దొరకలేదు. ఎనిమిదో పుటలో ఎర్రసిరాతో ఒక వాక్యం కనిపించింది. 'రాగి నత్తలకు విషం. చేపల మందు ఏది కొన్నా, అందులో రాగి ఉందేమో చూసుకోవాలి.'

ఆయన చేయి పుటమీదే ఆగిపోయింది. పూజగది వైపు చూశారు. చింతపండుతో తోమిన బిందె దీపకాంతిలో ధగధగలాడుతోంది.

ఆ నీళ్ళ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. చెప్పకుంటే ఎన్నటికీ తెలియదు. కోడలు ఆస్పత్రి డ్యూటీకి రోజూ ఐదింటికే వెళ్ళిపోతుంది; తక్కినవాళ్ళు ఆరు దాటితేగాని లేవరు. రాబోయే లాజరేమో పామర్రులో తన చేత బెత్తం దెబ్బలు తిన్న శిష్యుడు. వాడి ఎదుట, కొడుకు ఎదుట, ఈ వయసులో, 'నేను తప్పు చేశాను' అనటమా? ఆ మాట తన నోట వచ్చిన సందర్భం ఎంత వెతికినా ఆయనకు గుర్తు రాలేదు.

తొమ్మిదింటికి లాజరు రానే వచ్చాడు. "నమస్కారం మాస్టారూ! ఏంటమ్మా కీర్తనా, ఇంత బాగా పెరిగిన మొక్కల్ని ఇచ్చేస్తానంటావు?"

"నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నానండీ," అన్నాడు జయంత్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "శ్రద్ధ ఉండాలి దేనికైనా. నత్తల్నే బతికించలేనిది వ్యాపారం ఏం చేస్తుంది?"

కీర్తన తలెత్తలేదు. "నాన్న చెప్పింది నిజమే. నాకు చేతకాదు. ఏ కోచింగంటే అందులోనే చేరతాను."

చేతకాదు అన్న ఆ మాట రత్తయ్యగారి గుండెను ములుకులా పొడిచింది. లాజరు తొట్టె అంచుమీద చేయి వేశాడు.

"ఆగు లాజరూ," అన్నారాయన. నోటుబుక్కును ముందుకు చాపారు. "ఆ పిల్ల శ్రద్ధను వేలెత్తి చూపేవాళ్ళు ముందు ఈ పుస్తకం చదవాలి. నత్తల్ని చంపింది కీర్తన కాదు. నేను."

జయంత్ చేతులు గుండీలమీదే నిలిచిపోయాయి. "మీరేంటి నాన్నగారూ?"

"నెలరోజులుగా రోజూ రెండు చెంబులు రాగిబిందె నీళ్ళు పోస్తున్నాను. తీర్థమనుకొని పోశాను. అది వాటికి విషమట."

లాజరు నాలుక కరుచుకున్నాడు. "అయ్యో మాస్టారూ! ఆ నీళ్ళు మనకేం చెయ్యవు గానీ, నత్తలు ఓర్చుకోలేవు. పైగా నీరు ఆవిరైనా రాగి పోదు. రోజూ పోస్తే పేరుకుపోతుంది."

"పదమూడు చచ్చిపోయాయి తాతయ్యా!" అంది కీర్తన ఏడుస్తూ. "ఎక్కడ తప్పు చేశానా అని నెలనుంచీ నన్ను నేను తిట్టుకుంటున్నాను. ఒక్కమాట నన్ను అడగొచ్చుగా!"

"అడగవలసింది తల్లీ. చిన్నపిల్లను అడిగేదేమిటి, నీళ్ళు పోయటం నాకు తెలియదా అనుకున్నాను. తప్పు చేశాను."

వంటింట్లోంచి సుబ్బరత్నం గరిటె పట్టుకునే వచ్చి నిలబడింది.

"ఏవండీ, ఇంకొక్కసారి అనండి. యాభై ఏళ్ళ కాపురంలో ఆ మాట నేను వినలేదు. మీరు పుచ్చు వంకాయలు తెచ్చినా తప్పు నాదేననేవారు!"

"మాకు పరీక్షలో తప్పులు వస్తే బెత్తం విరిగేది మాస్టారూ," అన్నాడు లాజరు ముసిముసిగా.

"తే నాయనా బెత్తం. చెయ్యి చాస్తాను," అని ఆయన నిజంగానే అరచేయి చాపారు. ఏడుస్తున్న కీర్తనకు నవ్వు ఆగలేదు. ఆ చేతిని పట్టుకొని తన చెంపకు ఆనించుకుంది. జయంత్ నోటుబుక్కు అందుకొని నిలుచున్నచోటే నాలుగు పుటలు తిప్పాడు.

"ఇదంతా నువ్వే రాశావా?" అన్నాడు. "తప్పు నీది కానప్పుడు శిక్ష నీకెందుకమ్మా. కోచింగు మాట ఇక నేనెత్తను. నీ పని నువ్వు చేసుకో."

"అయితే బకెట్లు తే నాన్నా!" కీర్తన ఓణీ నడుముకు బిగించింది. "సగం నీళ్ళు తోడెయ్యాలి. తాతయ్యా, బతికున్న ఏడింటినీ ఆ గాజుజాడీలోకి మార్చు, నెమ్మదిగా. అంకుల్, రాగిని పీల్చే బొగ్గు మీ కొట్లో ఉంటే ఇప్పుడే కావాలి."

ఆటో ఖాళీగా వెళ్ళి బొగ్గుతో తిరిగి వచ్చింది.

పదిరోజులు గడిచాయి. ఏడూ బతికి తిరిగి తొట్టెలో చేరాయిగాని, వాటి చిప్పలమీద తెల్లని గుంటలు పడ్డాయి. సున్నం చాలలేదనీ, ఎండబెట్టి దంచిన కోడిగుడ్డు పెంకులు వేయాలనీ కీర్తన చెప్పింది. ఆ ఇంట గుడ్డు అడుగుపెట్టదు. జయంత్ సంచీ అందుకోబోతే రత్తయ్యగారు వారించారు.

"పోగొట్టినవాణ్ణి నేను. తెచ్చేవాణ్ణీ నేనే."

సాయంకాలం ఆమ్లెట్ బండి చుట్టూ జనం మూగి ఉన్నారు. తెల్లని పంచె, నుదుట విభూతి, చేతిలో సంచీతో రత్తయ్యగారు వచ్చి వరుసలో నిలబడేసరికి, బండి నడిపే తెరేసమ్మ చేతిలోని అట్లకాడ గాలిలోనే ఆగింది.

"పెద్దాయనగారూ, మీరు... ఆమ్లెట్టాండీ?"

"కాదమ్మా. పెంకులు కావాలి. ఉత్త పెంకులు."

చుట్టూ ఉన్న కుర్రకారు కిసుక్కుమంది. తెరేసమ్మ చెత్తబుట్టలోని పెంకులన్నీ సంచిలో వేస్తూ, "ఇవెందుకండీ? ఎవరు చెప్పారు?" అని అడిగింది.

రత్తయ్యగారు ఒకప్పుడు తరగతిలో పద్యం చదివే కంఠంతో, వీధంతా వినబడేలా పలికారు. "మా మనుమరాలు కీర్తన చెప్పిందమ్మా. నీటి మొక్కలూ నత్తలూ పెంచటంలో దానంత తెలిసినవాళ్ళు ఈ బెజవాడలో లేరు. ప్రస్తుతం నేను దాని దగ్గర శిష్యరికం చేస్తున్నాను."

తాతయ్య దారి తప్పుతాడేమోనని వెనుకే వచ్చిన కీర్తన, కిరాణాకొట్టు పక్కన నిలబడి ఆ మాట వింది. కళ్ళనిండా నీళ్ళతో, పెదవులనిండా నవ్వుతో గబగబా వచ్చి, సంచికి రెండో పిడి తాను పట్టుకుంది.