తాళంచెవి ఎవరి జేబులో?

రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ కాలుజారి లిఫ్ట్ గుంతలో పడి చనిపోయాడని పత్రికలు రాశాయి. కాలు జారలేదు, వెనకనుంచి తోశారని నిఘా విభాగం చీఫ్‌కి తెలుసు.

"అతను పనిచేసిన క్యాన్సర్ పరిశోధనా కేంద్రంలో రేడియేషన్ చిమ్మే కోబాల్ట్ సోర్స్ ఉంది," అన్నాడు చీఫ్, కిటికీ బ్లైండ్స్ దించుతూ. "కణాల మీద ప్రయోగాలకి వాడతారు. విదేశీ ముఠా ఒకటి దానిమీద కన్నేసింది. బాంబులో కలిపి పేల్చారంటే ఊరు ఊరంతా ఖాళీ చెయ్యాల్సిందే. అక్కడ కుర్ర సైంటిస్టులకి ట్రైనింగ్ మొదలవుతోంది. నువ్వూ చేరు."

"ఈ వయసులో కుర్ర సైంటిస్టునా సార్?"

"జుట్టుకి రంగెయ్యి."

"లోపల మనవాళ్లెవరు?"

"మీ అక్క."

ఏజెంట్ ముఖం వెలిగింది. అక్కంటే తోడబుట్టినది కాదు. అతనికి తుపాకీ పట్టడం నేర్పిన సీనియర్ ఏజెంట్. సరిహద్దులో అతనికి బుల్లెట్ దిగినప్పుడు తెల్లవార్లూ ఆ గాయాన్ని చేత్తో అదిమిపట్టి కూర్చున్న మనిషి. ఇప్పుడు అక్కడ ట్రైనింగ్ డైరెక్టర్ వేషంలో ఉంది.

రంగు వేసినా లాభం లేకపోయింది. మొదటిరోజే ట్రైనీలంతా అతన్ని 'బాబాయ్' చేసేశారు.

"చెయ్యి వణకనివ్వకు బాబాయ్, కణాలు కరవవు," అనేది పక్క బల్ల దగ్గరి కళ్లజోడు పిల్ల. రేడియేషన్ దెబ్బకి మిగతావన్నీ చచ్చినా, కొన్ని క్యాన్సర్ కణాలు తెగిన డీఎన్ఏని అతుకేసుకుని ఎలా బతికి బట్టకడతాయన్నది ఆమె పరిశోధన. ఇంక్యుబేటర్ తలుపు తీస్తూ, "ఏమర్రా మొండిఘటాల్లారా!" అని వాటిని పలకరించేది. బాబాయ్‌కి నవ్వాగేది కాదు.

అక్క పాఠం చెబుతుంటే మాత్రం హాల్లో ఎవరూ కిక్కురుమనేవారు కాదు. తెల్లకోటు మీద పచ్చ పట్టు స్కార్ఫ్, నడిచినంత మేరా ఖరీదైన సెంటు వాసన.

"సోర్స్ గదిలోకి వెళ్లేటప్పుడు, సోర్స్‌ని పైకి లేపే కన్సోల్ తాళంచెవి మీ జేబులో ఉండాలి. అది బయట ఉందంటే మీ ప్రాణం బయటివాళ్ల చేతిలో పెట్టినట్టే. ఈ విషయంలో నన్ను కూడా నమ్మకండి."

పిల్లలు నవ్వారు. బాబాయ్ కూడా నవ్వాడు.

ప్రాక్టికల్ ముందురోజు కారిడార్లో ఎదురుపడ్డారు.

"మీడియం ఎర్రగానే ఉందా?" అన్నాడతను, కణాల్ని పెంచే ద్రవం గురించి అడుగుతున్నట్టు.

"పసుపుకి తిరుగుతోంది," అంది అక్క. ముఠా కదిలిందని దానికి అర్థం. అతని జేబులో ఓ పెన్ను పెట్టింది. "రేడియేషన్ తగిలితే వణుకుతుంది. రేపు పిల్లలతోపాటు లోపలికెళ్లు. వెనక గేటు దగ్గర రిపేరు కంపెనీ వ్యాన్ ఉంటుంది, కంగారుపడకు, మనవాళ్లే."

మర్నాడు గది ముందు ట్రైనీలు ఒక్కొక్కరే తమ రేడియేషన్ మీటర్లని చిన్న టెస్ట్ సోర్స్ దగ్గర పెట్టి చూసుకున్నారు. అందరివీ కీచుమన్నాయి. బాబాయ్ పెన్నులో చలనం లేదు.

"ఇది పనిచేయట్లేదక్కా," అన్నాడు గుసగుసగా.

"పర్లేదు తమ్ముడూ. నేనున్నాగా. వెళ్లు."

వెళ్లాడు. అక్క చెప్తే నూతిలోకైనా దిగే అలవాటు అతనిది.

మందపాటి కాంక్రీటు గోడల మధ్య పిల్లలు కణాల పళ్లేలు సర్దుతున్నారు. చచ్చిన పెన్నుని వేళ్లమధ్య తిప్పుతూ, ఊరికే అడిగినట్టు అడిగాడు: "తాళంచెవి ఎవరి జేబులో ఉంది?"

కళ్లజోడు పిల్ల తల తిప్పకుండానే అంది: "మేడమ్ తన దగ్గరే ఉంచుకున్నారు బాబాయ్."

అతను గుమ్మం వైపు తిరిగాడు. అంతలోనే తలుపు మూసుకోసాగింది. ఎర్రలైటు వెలిగింది. నేలకింద గొయ్యిలోంచి సోర్స్ పైకి లేస్తున్న చప్పుడు.

గోడ మీది ఎమర్జెన్సీ తాడుకి వేలాడినంత పని చేశాడు. ధన్‌మంటూ సోర్స్ వెనక్కి పడింది. తలుపు సగంలో ఆగింది.

"పరిగెత్తండి!"

పిల్లలు దాటాక చేతిగడియారంలోకి అరిచాడు: "చీఫ్! వెనక గేటు వ్యాన్ మనది కాదు!"

అతను పిస్టల్ తీసి బయటికొచ్చేసరికి కన్సోల్ ముందు అక్క కదలకుండా కూర్చునుంది. అతని పిస్టల్ వంక కూడా చూడలేదు.

"ప్రమాదం జరిగితే బిల్డింగ్ ఖాళీ అవుతుంది," అంది, పాఠం చెప్పినట్టే. "రిపేరువాళ్లు సీసం పెట్టెతో వస్తారు. ఎవరూ అడ్డు చెప్పరు."

"పిల్లలక్కా వాళ్లు! నువ్వు చదువు చెప్పిన పిల్లలు!"

ఆమె కన్సోల్‌లోంచి తాళంచెవి తీసి బల్లమీద పెట్టింది.

"ఎప్పుడు మారావ్?"

"మారలేదు తమ్ముడూ. మొదట్నుంచీ నేను వాళ్ల మనిషినే."

"మరి ఆ రాత్రి... నా గాయం అదిమిపట్టుకుని కూర్చున్నావే?"

"అదీ నిజమే. ఇదీ నిజమే."

తనకి నేర్పిన చేతులకే బేడీలు వేస్తుంటే తాళం సరిగ్గా పడలేదు. అది చూసి ఆమె, అలవాటుగా, మణికట్టు సరిగ్గా తిప్పి ఇచ్చింది.

వెనక గేటు దగ్గర ముఠా మొత్తం దొరికిపోయింది. సాయంత్రం చీఫ్ ఫైలు తెరిచాడు.

"వేలమందిని కాపాడావోయ్. కాస్త నవ్వరాదూ? సరే, ఆవిడ గురించి రిపోర్టులో ఏం రాయమంటావు?"

అతను చచ్చిన పెన్నుని తీసి ఫైలు పక్కన పెట్టాడు.

"పాఠాలు బాగా చెప్పేదని రాయండి సార్."