అత్త ఆపేసిన చోటు

గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో కుళాయి పొద్దున ఒక గంటే వస్తుంది. ఆ గంటలోనే కరుణమ్మ బిందెలు నింపి, గంజి కాచి, మామగారు యోహాను అయివారికి చెంచాతో తాగిస్తోంది. ఆయనకు కంటి శుక్లం తీసి మూడు రోజులైంది. ఒక కంటికే ఆపరేషన్ అయినా రెండింటికీ కట్టు కట్టారు. వారం దాకా తల కదపకూడదని, కంటతడి పెట్టకూడదని డాక్టరు చెప్పి పంపాడు.

"నతానియేలు యాడమ్మా?"

"ముందర రూములో పెద్ద ఫిడేలు తుడుస్తాండాడు మామా. ఈ పొద్దు ఆదివారమని వాయించే జట్టంతా వస్తాదంట."

"గుడి వదిలినాక గదా?"

"ఊ. గుడి వదిలినాకనే."

ముసలాయన తల ఊపబోయి, డాక్టరు మాట గుర్తొచ్చి ఆగాడు. ఆయన అనంతపురం మిషన్ బడిలో నలభై ఏళ్లు హెడ్మాస్టరు. అక్కడి చర్చి గుడిలో పాటల జట్టును నడిపిందీ ఆయనే. కొడుకు నతానియేలుకు స్వరాలు రాయడం, చదవడం నేర్పింది కూడా ఆయనే. ఆ కొడుకు లోకో షెడ్డులో ఫిట్టరై, ఊరు విడిచిపోతున్న ఒక తెల్లదొర దగ్గర మనిషికంటే ఎత్తున్న బేస్ వాయిద్యం కొని, రైల్వే ఇన్‌స్టిట్యూట్ డాన్సులకు వాయిస్తూ వచ్చాడు. చుట్టుపక్కల వాళ్లు దాన్ని ఏనుగు ఫిడేలంటారు.

రెండేళ్లుగా నతానియేలు డాన్సు పాటలు మానేశాడు. సొంతంగా రాసిన జాజ్ వాయిస్తున్నాడు. జట్టులో నలుగురు. బేస్ మీద తను, డ్రమ్ముల మీద షెడ్డులో తోటి ఫిట్టరు రామదాసు, శాక్సోఫోను ఊదే గార్డు మార్టిన్, ట్రంపెట్ ఊదే తంతి గుమాస్తా ఫిలిప్. ఆ సంగీతానికి అడుగు వెయ్యడం ఎవరికీ చేతకాలేదు. జంటలు నడిమధ్యలో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పిలవడం మానుకున్నారు. అలాంటప్పుడు బెంగళూరు కంటోన్మెంటులోని ఒక సంగీత సంఘం నుంచి కచేరీకి రమ్మని ఉత్తరం వచ్చింది. ఇంకా మూడు వారాలుంది.

మధ్యాహ్నం నలుగురూ వాయించడం మొదలుపెట్టారు. మొదట బేస్ ఒక్కటే, కమానుతో, దిగుతూ ఎక్కుతూ రెండే స్వరాలు. రామదాసు పుల్లలు పక్కనపెట్టి అరచేతులతో డ్రమ్ము తట్టాడు. తర్వాత శాక్సోఫోను పాటను అందుకుంది. దాని మీద ట్రంపెట్ కావాలనే ఒరుసుకుంటూ పోయింది. వంటింట్లో కరుణమ్మకు అది ఇనుప చక్రం కిర్రుమన్నట్టు వినిపించింది. లోపలి గదిలో ముసలాయన వేలు మంచం పట్టె మీద తాళం వేసింది. కాసేపటికి ఆ వేలు ఆగిపోయింది.

పాట సగం చరణంలో, మాట మధ్యలో తెగినట్టు ఆగింది. నలుగురూ కదలకుండా కూర్చున్నారు. ఆ నిశ్శబ్దం కూడా నతానియేలు రాసిందే.

అంతలో లోపల మంచం చప్పుడైంది. యోహాను అయివారు గోడ తడుముకుంటూ వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆడ ఆపమని ఎవురు చెప్పినారు నీకు?"

"నాయనా, ఎందుకు లేస్తివి? కండ్లు..."

"అడిగిందానికి చెప్పు."

"అది కపిల పాట నాయనా, ఎద్దుల్ని తోల్తా బావిలో నుంచి నీళ్లు తోడేటప్పుడు పాడేది. పోయినేడు మన ఊరు నల్లమాడకు పోయినప్పుడు మారెక్క అత్త పాడ్తాంటే రాసుకొంటి. ఎప్పుడు పాడినా ఆయమ్మ ఆడికే ఆపేస్తాది. ఆడ ఆపితేనే బాగుండాదని నేను గూడా ఆపితి."

"బాగుండాదా?" అన్నాడు ముసలాయన. "ఆ పాట ఈ ఇంట్లో వద్దు. బెంగళూర్లోనూ వద్దు."

"ఎందుకు వద్దు? మన తాత కపిల తోల్తాండె, కూలికి బావులు తవ్వుతాండె అని నలుగురికీ తెలుస్తాదనా?"

"నోరు మూసుకో."

"నాకేం సిగ్గులేదు నాయనా. నీకుంటే అది నీ పాటు. ఇది నా ఇల్లు."

మార్టిన్ శాక్సోఫోను పెట్టెలో పెట్టుకున్నాడు. మిగతా ఇద్దరూ అతని వెనకే బయటికి నడిచారు.

"అయితే నన్ను రైలెక్కించు," అన్నాడు యోహాను అయివారు.

"కట్టు ఇప్పేదాకా యాడికీ పోయేది లేదు మామా," అని కరుణమ్మ ఆయన్ను చెయ్యి పట్టి మంచం దగ్గరికి నడిపించింది.

ఆ తర్వాత రెండు రోజులు తండ్రీ కొడుకులు మాట్లాడుకోలేదు. నతానియేలు షెడ్డుకు పోయి వచ్చి, ముందు గదిలోనే తిని అక్కడే పడుకున్నాడు. బేస్ మూలకు ఆనించి ఉంది. "పుట్టిన ఊరంటే ఆయప్పకు నామోషీ," అని భార్యతో ఒకసారి అన్నాడు. మామగారు ఆ రెండు రోజులూ గంజి తప్ప ఏమీ ముట్టలేదు.

మంగళవారం మారెక్క వచ్చింది. తమ్ముడికి ఆపరేషనని కరుణమ్మ ముందే కార్డు రాయించింది. డెబ్బై దాటిన మనిషి నల్లమాడ నుంచి కదిరికి బస్సులో, కదిరి నుంచి రైల్లో, పచ్చి శనక్కాయల మూట నెత్తిన పెట్టుకుని ఒక్కతే వచ్చింది. కాళ్లు కడుక్కుంటూ ఉండగానే కరుణమ్మ జరిగిందంతా చెప్పింది. మారెక్క తడి కాళ్లతోనే లోపలికి వెళ్లి మంచం మీద కూర్చుంది.

"ఎర్రోడా."

బాప్తిస్మానికి ముందు ఆయన పేరు ఎర్రప్ప. ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు.

"అక్కా, ఆ పాట వాడికెందుకు చెప్తివి?"

"అడిగినాడు, పాడితి. ఏం, తప్పా?"

షెడ్డు నుంచి అప్పుడే వచ్చిన నతానియేలు తలుపు దగ్గర ఆగాడు.

"నాయన బావిలో దిగి బురద తీస్తాండె," అన్నాడు యోహాను అయివారు నెమ్మదిగా. "నేను తాడు మింద కూచ్చోని ఎద్దుల్ని తోల్తాంటి. నాకు తొమ్మిదేండ్లు. పాట నిలిచిందంటే తాడుకు కట్టిన తోలు బాన పైకొచ్చి ఒలిగిపోయిందని లెక్క. అప్పుడే కిందోడు పక్క నుంచి నడిమికి రావల్ల. ఆ పొద్దు దప్పికై నా గొంతు పట్టేసింది. బాన పైకి రాకముందే పాట ఆపితి. నాయన నడిమికొచ్చినాడు. అంతలో తాడు తెగి బాన ఆయప్ప మింద పడె. నా నోరు ఆగబట్టే గదా అక్కా..."

మారెక్క ఆశ్చర్యంగా తమ్ముడి వైపు చూసింది.

"ఇన్నేండ్లూ ఇదేనా నువ్వు అనుకొంటాండేది?"

"ఇంకేముండాది అనుకోను?"

"ఒరే, నేను గట్టు మింద పండుకొని లోపలికి చూస్తాంటి. నాయన యాడికీ రాల్యా. ఆయప్ప నడిమిలోనే ఉండె. బురద బానకెత్తి ఇంకా పక్కకు జరగనే లేదు. తాడు టప్పన తెగె. నువ్వు ఎగిరి గట్టు కింద పడితివి. పాట అప్పుడాగింది." ఆమె అతని మోకాలి మీద చెయ్యి వేసింది. "పాట ఆగి తాడు తెగల్యా ఎర్రోడా. తాడు తెగి పాట ఆగింది. తాడు పిగిలిపోయిందని ఆ పొద్దు తెల్లారే మనమ్మ భూస్వామికి చెప్పొచ్చింది."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"నువ్వడిగితివా? నెల తిరక్కముందే మిషనోళ్లు నిన్ను బడికి తోల్కపోయిరి. మళ్ల నువ్వు ఊరి దిక్కే రాకపోతివి. పెద్దోడివైతివి, మేం నీ కంటికి ఆనమని నేననుకొంటి."

కట్టు కింద నుంచి నీళ్లు కారి ముసలాయన చెంపల మీదికి వచ్చాయి. కరుణమ్మ గాబరాగా గుడ్డ తెచ్చింది. "మామా, తడి కాకూడదన్నారు..."

"కానీలే పాపా," అంది మారెక్క. "అరవై ఏండ్లది."

నతానియేలు వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. అత్త పాడుతుంటే ప్రతి స్వరమూ తప్పు లేకుండా రాసుకున్నాడు. ఎందుకు అక్కడ ఆపుతావని మాత్రం ఒక్కసారీ అడగలేదు. ఆ నిశ్శబ్దాన్ని తన సొంత తెలివనుకున్నాడు.

"నాకు తెల్దు నాయనా. మొన్న అనరాని మాట అంటి. ఆ పాట తీసేస్తాలే."

"తీయొద్దు," అన్నాడు తండ్రి. కొంచెం ఆగి, "నువ్వు కట్టింది ఒకచోట తప్పు. ఎద్దులు పల్లానికి దిగేటప్పుడు ఎంత జోరుగా పోతాయో, ఎనిక్కి ఎక్కేటప్పుడు అంత నిదానం. నువ్వు రెండూ ఒకటే నడకలో పోనిస్తివి."

"ఎంత నిదానం?"

యోహాను అయివారు గొంతు సవరించుకున్నాడు. నలభై ఏళ్లు కీర్తనలు పాడిన గొంతు మొదటి మాటకే బొంగురుపోయింది. మారెక్క సన్నగా అందించింది. అక్కాతమ్ముళ్లు ఆ చరణాన్ని, దాని తర్వాతి చరణాన్ని, బాన కాలువలో ఒలిగేదాకా పాడారు. నతానియేలు జేబులో కాగితం వెతుక్కోలేదు. కూర్చుని విన్నాడు.

బెంగళూరు కచేరీకి అరవై మంది వచ్చారు. సగంలో పదిమంది దాకా లేచి వెళ్లిపోయారు. కపిల పాట వచ్చినప్పుడు ఉన్నవాళ్లు ఉన్నట్టే కూర్చున్నారు. అందులో నిశ్శబ్దం ఉన్నచోటే ఉంది. దాని తర్వాత బేస్ ఒక్కటే, నిదానంగా, ఎద్దులు వెనక్కి ఎక్కే నడకలో మళ్లీ మొదలైంది.

యోహాను అయివారు కోటు వేసుకుని, నల్ల కళ్లద్దాలతో ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన పక్కన మారెక్క కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చుంది. కచేరీ అయ్యాక సంఘం కార్యదర్శి వచ్చి ఆయనకు నమస్కరించాడు.

"తమరు హెడ్మాస్టరుగా చేశారని విన్నాను. మీ అబ్బాయికి సంగీతం మీ దగ్గర్నుంచే వచ్చిందా?"

"అయివారి పని తర్వాత చేసినానప్పా," అన్నాడు ముసలాయన. "ముందు నేను కపిల తోలినోన్ని. మా నాయన ఆ బావిలోనే పోయినాడు. ఈయమ్మ మా అక్క."