జ్ఞానయ్య అద్దె పుస్తకం

నాగాయలంక బస్టాండు దగ్గర జ్ఞానయ్య అద్దె పుస్తకాల కొట్టు మూతపడి చాలా ఏళ్లయింది. మిగిలిన నవలలు ఆయన ఇంటి అటక మీదున్నాయి. అమ్మకు చదివి వినిపిద్దామని వెతుకుతున్న సువర్ణకు వాటిలోంచే విశ్వదత్ డిటెక్టివ్ నవల దొరికింది. విశ్వదత్ అంటే ఇప్పటివాళ్లకు తెలియదు గానీ, ఒకప్పుడు ఆయన కొత్త పుస్తకం వచ్చిందంటే టీచర్లు కూడా కొట్టు ముందు వరసలో నిలబడేవారు.

“మీ అమ్మగారు దీన్నే మూడుసార్లు పట్టుకెళ్లారమ్మా. హంతకుడెవరో తెలిశాక మళ్లీ ఏం చదువుతారండీ ఎవరైనా?” అన్నాడు జ్ఞానయ్య.

అద్దె పుస్తకాలకు ఒక చీడ ఉండేది లెండి. ముందు చదివిన ప్రబుద్ధుడెవడో పదో పేజీలోనే ‘చంపింది డాక్టరు’ అని రాసిపెట్టేవాడు. జ్ఞానయ్య ఎంత మొత్తుకున్నా ఆ జబ్బు కుదరలేదు.

సువర్ణ బందరులో ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడు. ముసురు. కరెంటు లేదు. వెనకగదిలో తల్లి సంతోషమ్మ మంచం మీద అలాగే ఉంది. పక్షవాతం వచ్చి ఏడాది. మాట లేదు, చెయ్యి లేవదు. రెప్ప ఒకసారి వాలిస్తే అవును, రెండుసార్లయితే కాదు.

సువర్ణకు ఎనిమిదేళ్లప్పుడు, ఐదేళ్ల తమ్ముడు ప్రేమ్ నాగాయలంకలో ఇంటి ముందు కాలవలో పడి చనిపోయాడు. “దీనికి అప్పజెప్పి లోపలికెళ్లాను. ఆటల్లో పడి వదిలేసింది” అని పాస్టరుగారి ముందే చెప్పింది సంతోషమ్మ. ఆ పూట ఏం జరిగిందో సువర్ణకు గుర్తులేదు. అమ్మ చెప్పిందే గుర్తు. ‘నీ తప్పు కాదే’ అన్న ఒక్క మాట ఆ నోట వినాలని నలభై ఏడేళ్లుగా ఎదురుచూస్తోంది.

కొవ్వొత్తి వెలిగించి, పైకి చదవడం మొదలుపెట్టింది. పదో పేజీ అంచున ఎర్ర సిరా. అమ్మ గుండ్రటి దస్తూరీ.

‘పిల్లకి అప్పజెప్పలేదు. అరుగు మీద నేనే ఉన్నాను.’

నవలలో పిల్లా లేదు, అరుగూ లేదు.

“అమ్మా... నువ్వు రాసిందేనా?”

రెప్ప ఒకసారి వాలింది.

సువర్ణ గబగబా పేజీలు తిప్పింది. నలభయ్యో పేజీలో: ‘వాడు రేవు మెట్లు దిగడం చూశాను.’ తొంభైలో: ‘ఈ పేజీ అయ్యాక లేద్దామనుకున్నాను.’ ఇంకా తర్వాత: ‘పిల్ల మీద వేశాను. అది నోరులేనిది. మోస్తుంది.’

గదిలో కాలవ బురద వాసన... అంతకంతకూ చిక్కబడుతోంది.

చివరి పేజీ తడిగా ఉంది. దాని మీద వంకరటింకర అక్షరాలు. పలక మీద దిద్దినట్టు. ప్రేమ్‌కి అప్పటికి ఇంకా అక్షరాలే రావు.

‘అమ్మా అయిపోయిందా’

“ఇంకొక్క పేజీ, నాన్నా...”

సువర్ణ తలెత్తింది. ఆ మాట సంతోషమ్మదే. ఏడాది తర్వాత మొదటి మాట. కానీ ఆవిడ సువర్ణకేసి చూడటం లేదు. మంచం కాళ్లవైపు, కిందికి చూస్తోంది. రెప్పలు టపటపా రెండేసిసార్లు కొట్టుకుంటున్నాయి. కాదు. కాదు. కాదు.

సువర్ణ పుస్తకం మూసింది.

“అయిపోయిందిరా, తమ్ముడూ” అంది మెల్లగా.

కొవ్వొత్తి ఊదేసి, బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసింది.

లోపల పైగొళ్లెం పడింది. దాన్ని అందుకోవాలంటే సువర్ణే మునివేళ్ల మీద లేవాలి.