ముద్ద ముట్టని కాకి

చోడవరం బస్టాండ్ ఎదుట, జిరాక్స్ షాపు పైన గదిలో ఉంది డిటెక్టివ్ కనకమహాలక్ష్మి ఆఫీసు. సోమవారం పొద్దున్నే ఆ మెట్లెక్కి వచ్చిన ఆడమనిషి కుర్చీలో కూర్చోలేదు. గుమ్మం పక్కన నేలమీద కూలబడింది. బొట్టు తీసేసిన చోట నుదురు ఇంకా ఎర్రగానే ఉంది. కుడి చెంప వాచిపోయి ఉంది.

పేరు చిన్నతల్లి. బుచ్చయ్యపేట దారిలో చెరుకు తోటల నడుమ వాళ్ళ ఊరు. మొగుడు పరదేశి గుండాగి పోయి పన్నెండు రోజులు. రేపు సాయంత్రంలోగా ఇల్లూ, ఎకరన్నర చెరుకు మడీ వదిలి పుట్టింటికి పొమ్మన్నారు ఊరి పెద్దలు.

"నువ్వేం చేశావని?" అడిగాడు కృష్ణంరాజు. ఆయన రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో కనకమహాలక్ష్మి లాంటి బుర్ర ఇంకొకటి చూడలేదని అందరికీ చెప్పి, ఆవిడ దగ్గర అసిస్టెంటుగా చేరాడు.

"కాకి ముద్ద ముట్టలేదు బాబూ. నా మొగుడికి నా మీద కోపవంట."

కృష్ణంరాజుకి ఆ భయం తెలుసు. తండ్రి పదోరోజున కాకి ఆలస్యమైతే గంటసేపు ఎండలో వణికినవాడే ఆయన.

చిన్నతల్లి జరిగిందంతా చెప్పుకొచ్చింది. పదోరోజున ఊరి పక్క వాగు, గెడ్డ ఒడ్డున ముద్ద పెట్టారు. ఒక కాకి వచ్చి ఎండిన తాటిమోడు మీద వాలింది. ముద్దనే చూస్తూ కూర్చుంది తప్ప దిగలేదు. మిగతా కాకులు దూరంగా గోలగోలగా తిరిగాయి, ఒక్కటీ దగ్గరికి రాలేదు. చనిపోయినవాడి కోరికేదో తీరలేదన్నారు. మరిది చంద్రమోహన్ చేతులు జోడించి ఒక్కో మాటా ఇచ్చాడు. ఏడాది తద్దినం తప్పకుండా పెడతానన్నాడు. వదినని చూసుకుంటానన్నాడు. కాకి కదల్లేదు. మడి సంగతి ఎత్తమని గుంపులోంచి ఎవరో అన్నారు. మడి వదినకి పోనివ్వను, నేనే తీసుకుంటానన్నాడు చంద్రమోహన్. కాకి లేచిపోయింది. ఆ వెంటనే కాకులన్నీ దిగి ముద్ద తినేశాయి.

"మొగుణ్ణి నేనే సంపేసేనన్నారమ్మా. ఎవులో కొట్టేరు. ఎవులో కూడా నేను సూళ్ళేదు."

కనకమహాలక్ష్మి గొంతు మెత్తగా ఉంది. వేళ్ళు మాత్రం పెన్నుని విరిచేటంత గట్టిగా పట్టుకున్నాయి. "ఆ కాకిని అంతకుముందు చూశావా?"

చూసింది. మూడోరోజు నుంచీ రోజూ వచ్చి పశువుల శాల కప్పు మీద కూర్చునేది. వానలో కూడా రెక్క దులుపుకునేది కాదు. పావుగంట ఉండి పోయేది. మళ్ళీ వచ్చేది. పరదేశే వచ్చేడనుకుని దానికి దణ్ణం కూడా పెట్టింది.

ఇంకొకటి కూడా పోయింది. మడి పెళ్ళానికే చెందాలని పరదేశి ఇద్దరు సాక్షులతో రాయించిన కాయితం. ఎనిమిదోరోజున వానకి తడిస్తే వాకిట్లో మంచం మీద ఆరబెట్టి, శాల కప్పు గడ్డిలో దాచింది. తెల్లారేసరికి లేదు.

"దాస్తున్నప్పుడు ఎవరు చూశారు?"

"ఎవులూ లేరమ్మా. కాకి తప్ప."

కనకమహాలక్ష్మి లేచి నిలబడింది. "రాజుగారూ, బండి తియ్యండి."

ఊళ్ళో ముందు చంద్రమోహన్‌ని కలిశారు. మోకాళ్ళ దాకా బురదతో, చేతిలో పాత బటన్ ఫోనుతో ఉన్నాడు. అన్న పేరెత్తగానే కళ్ళు నిండాయి, వదిన పేరెత్తగానే పళ్ళు కొరికాడు. "మాయన్న కాకై వచ్చి సెప్పేడు. మీరు పట్నపోళ్ళు, నమ్మరు" అన్నాడు.

రెండో ఇంట్లో కృష్ణంరాజు మీసం దువ్వుకున్నాడు. అరుగు మీద పెద్ద డ్రోన్ ఉంది. ఉదయ్‌కుమార్ అనే కుర్రాడు దాంతో చెరుక్కి పురుగుమందు కొడతాడు. దొంగ దొరికాడనే అనుకున్నాడు రాజుగారు. ఉదయ్‌కుమార్ నవ్వేశాడు. తన డ్రోన్ లేస్తే రావికమతం దాకా వినబడుతుందనీ, దాన్ని కాకి అనుకోవాలంటే చెవుడూ గుడ్డితనమూ రెండూ ఉండాలనీ అన్నాడు. పైగా పదోరోజు కార్యమంతా ఫోన్లో వీడియో తీసింది తనే. అది వాళ్ళకిచ్చాడు.

మూడో ఇల్లు సత్యారావుది. ఊరి పెద్దమనిషి. పరదేశి మడికి ఆనుకునే ఆయన మడి. మేడ మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. ఆ ఆడకూతుర్ని తలుచుకుంటే నిద్ర పట్టడం లేదన్నాడు. వెంటనే గెంటేస్తామన్నవాళ్ళని ఆపి, గడువు ఇప్పించింది తనేనన్నాడు. మేడ మీంచి పరదేశి పశువుల శాల కప్పు స్పష్టంగా కనబడుతోంది. దేవుడిలాంటి మనిషి అనుకున్నాడు కృష్ణంరాజు.

దారిలో బండి ఆపి ఆ వీడియో నాలుగుసార్లు చూశాడు. కాకి లేవగానే నలభై మెడలు పైకి లేచాయి. ఏమీ దొరకలేదు.

"కాకిని చూడకండి రాజుగారూ, మనుషుల్ని చూడండి. అందరూ పైకే చూస్తున్నారా?"

"అందరూనండి." మళ్ళీ చూశాడు. "దాదాపు అందరూ."

ఆవిడ బండి వెనక్కి తిప్పించింది. ఊరి పెద్దల్ని పిలిపించింది. కాకి మాటే తీర్పయితే, రేపు పొద్దున్న చిన్నతల్లి తన చేత్తో ముద్ద పెట్టి అడుగుతుంది, కాకి తింటే ఉంటుంది, తినకపోతే పోతుంది అంది. చంద్రమోహన్ ఒప్పుకున్నాడు. సత్యారావు కూడా తలూపాడు.

సాయంత్రం పరదేశి బెల్లం వండే పొయ్యి రాజేయించి ముదురుపాకం తీయించింది కనకమహాలక్ష్మి. అందులో ఎరువుల షాపులో కొన్న ఎలకల బంక కలిపింది. తెల్లారేసరికి అరవై రెండేళ్ళ కృష్ణంరాజు నిచ్చెనెక్కి, తాటిమోడు తలకి దాన్ని దట్టంగా పూసి, దిగి, నడుం పట్టుకున్నాడు.

పొద్దెక్కింది. ఊరంతా గెడ్డ ఒడ్డున చేరింది. చిన్నతల్లి ముద్ద పెట్టింది. అనుకున్నట్టే చెరుకు తోట మీదుగా కాకి వచ్చి మోడు మీద వాలింది. నిజం కాకులు అరుచుకుంటూ దూరం జరిగాయి.

"నీ మడి నేనే పండించుకుంటాను, ఒప్పుకో" అంది చిన్నతల్లి. కాకి కదల్లేదు. గుంపులో గుసగుసలు లేచాయి. ఎవరో దిక్కుమాలినదన్నారు.

కనకమహాలక్ష్మి ఆమె చెవిలో ఒక మాట చెప్పింది. చిన్నతల్లి కళ్ళు మూసుకుని, గట్టిగా అంది. "సరే. మడి నీ తమ్ముడికే ఒగ్గేస్తాను."

కాకి రెక్కలు విప్పింది. లేవలేదు. మళ్ళీ కొట్టుకుంది. కందిరీగల తుట్టె కదిలినట్టు జుయ్యిమని మోత. కాళ్ళు పాకంలో కూరుకుపోయాయి. ఒక నల్లటి ఈక ఊడి గాల్లో తేలింది, దాని కింద ప్లాస్టిక్ మెరిసింది.

నలభై మెడలు పైకి లేచాయి. ఒక్క తల మాత్రం వంగే ఉంది. కనకమహాలక్ష్మి గుంపుని చీల్చుకుంటూ నేరుగా వెళ్ళి సత్యారావు చేతిలోని ఫోను లాక్కుని అందరికీ తిప్పి చూపించింది. తెర మీద కింద ముద్ద, చుట్టూ తమ తలలే. కాకి కళ్ళతో తమని తాము చూసుకుంది ఊరు.

"ఇది కెమెరా పెట్టిన బొమ్మకాకి. ఇరుక్కుంటే తప్ప దీని చప్పుడు వినబడదు. దీన్ని నడిపేవాడు పైకి చూడక్కర్లేదు, ఫోన్లో చూస్తే చాలు. మొన్న వీడియోలో కూడా తలెత్తనిది ఈయనొక్కడే. కదలని కాకి కనబడితే కాకులు గోలపెడతాయి గాని దగ్గరికి రావు. చచ్చిన కాకిని కర్రకి కట్టి మీరు కళ్ళంలో చేసేది అదేగా? ఇది ఉన్నంతసేపూ ముద్ద ఎవరు ముడతారు? తనకి కావలసిన మాట రాగానే దీన్ని లేపేశాడు, కాకులు దిగాయి. ఆ వీడియోలో మడి సంగతి ఎత్తమన్న గొంతు కూడా ఈయనదే. చంద్రమోహన్, మడిని ఈయన నిన్ను అడిగాడా?"

అన్న మడి చూసి ఏడవలేవు, నాకిచ్చెయ్యమని పదకొండోరోజే అన్నాడని గొణిగాడు చంద్రమోహన్.

సత్యారావు నవ్వడానికి చూశాడు. "ఆడదాని మాట పట్టుకుని..." అన్నాడు. మాట పూర్తి కాలేదు. కనకమహాలక్ష్మి అందించిన ఫోన్లో దాచిన వీడియోలు ఉదయ్‌కుమార్ ఒక్కొక్కటే తెరుస్తున్నాడు. చిన్నతల్లి వాకిలి. చిన్నతల్లి నిద్ర. తడిక చాటున ఆమె స్నానానికి వెళ్ళడం. అతను సిగ్గుతో ఫోను ఆడవాళ్ళ చేతికిచ్చేశాడు. ఒకావిడ వంగి చెప్పు తీసింది. కృష్ణంరాజు అడ్డం వెళ్ళలేదు. పోలీసులకి ఫోన్ చేసే పని ఆయనకి హఠాత్తుగా చాలా ముఖ్యమనిపించింది.

"ఎనిమిదోరోజుది తియ్యి" అంది కనకమహాలక్ష్మి, ఫోను మళ్ళీ ఉదయ్‌కుమార్‌కి ఇప్పించి. మంచం మీద కాయితం ఆరుతోంది. ప్రతి అక్షరం, పరదేశి వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు. "దాచిన చోటు కాకితో చూసి, కాయితం ఎత్తుకుపోయి కాల్చేశాడేమో. తన కాకి తీసిన వీడియో మాత్రం దాచుకున్నాడు. రేపు కోర్టులో అదే చిన్నతల్లి సాక్ష్యం."

కృష్ణంరాజు నిచ్చెనెక్కి బొమ్మకాకిని పీకి గోనెసంచిలో వేశాడు. మోడు ఖాళీ అయింది. చంద్రమోహన్ వదిన కాళ్ళ మీద పడబోయాడు. ఆమె వెనక్కి జరిగింది. వాచిన చెంప ఎండలో మెరుస్తోంది.

"పద్దెనిమిదేళ్ళు కాపరం సేసేను చంద్రమోహనూ. మీయన్న ఏటి కోరుకున్నాడో కాకినడిగేవు. నన్నొక్కమాటు అడిగేవేటి?"

ఆమె చెరుకు మడి వైపు నడిచిపోయింది. ఆమె వెనకాల, గెడ్డ ఒడ్డున, ఎవరూ ఏ మాటా ఇవ్వకుండానే కాకులు దిగి ముద్ద తినడం మొదలుపెట్టాయి.