దిద్దని మాట

పొద్దున్నే పాలు పొంగుతున్నా అత్తగారు పట్టించుకోలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి చిన్నకోడలు పాత నాణేల గురించి ఇంగ్లీషులో గడగడా చెబుతుంటే మురిసిపోతూ వింటున్నారు.

"గొంతంటే అదీ! ఎంత హాయిగా ఉందో!"

పెద్దకోడలు విసురుగా పాలు దించింది. మ్యూజియంలో గైడుగా ఏళ్ళ తరబడి అరుస్తున్నా, ఆవిడ తన గొంతును ఒక్కనాడూ మెచ్చుకోలేదు. అక్కడే రెండో గైడు ఉద్యోగానికి ఆ రోజు చిన్నకోడలికి ఇంటర్వ్యూ.

"అక్కా, 'ఆర్చియాలజీ' అనే కదా పలకాలి?"

'ఆర్కియాలజీ' అన్న మాట పెద్దకోడలి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఆఁ, అంతే."

"మరి 'కంఫర్-టేబుల్'?" చివర అచ్చం బల్లను 'టేబుల్' అన్నట్టే పలికింది.

"అదీ బాగానే ఉంది. బయల్దేరు, ఆలస్యమవుతుంది."

సాయంత్రం చిన్నకోడలు వస్తూనే గదిలోకి వెళ్ళిపోయింది. పెద్దకోడలు టీ కప్పుతో వెనకే వెళ్ళింది.

"ఏమైంది?"

"ఆ రెండు మాటలకీ నవ్వారక్కా. ఇంట్లోనే గైడు ఉందిగా, నేర్పలేదా అన్నారు మేనేజరుగారు."

"నువ్వేమన్నావు?"

"నేర్పింది, కంగారులో నేనే తప్పు పలికానన్నాను." తలెత్తి సూటిగా చూసింది. "నీకు తెలుసు కదక్కా? రోజూ నువ్వనే మాటలేగా!"

పెద్దకోడలు గది తలుపు దగ్గరగా వేసింది.

"తెలుసు. అత్తయ్యగారు నిన్ను మెచ్చుకుంటుంటే కడుపు మండిపోయింది. నువ్వక్కడికి కూడా వస్తే ఇక నన్నెవరు చూస్తారనిపించింది."

"నేను మాత్రం కుళ్ళుకోలేదా? రోజూ నువ్వు యూనిఫారంలో వెళ్తుంటే కిటికీలోంచి చూసి ఏడ్చేదాన్ని. నీలా మాట్లాడాలనే కదక్కా ఈ తాపత్రయమంతా!"

పెద్దకోడలు కప్పు పక్కన పెట్టి బావురుమంది.

మర్నాడు మేనేజరు దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పేసింది. ఆయన చీవాట్లు పెట్టారు కానీ, సోమవారం ఇంకోసారి వింటామన్నారు. ఆదివారమంతా ఇద్దరూ ఇల్లు మారుమోగేలా సాధన చేశారు.

"చ కాదే, క! ఆర్-కి-యా-లజీ. 'యా' దగ్గర నొక్కు. రెండోది కంఫ్-ట-బుల్, మూడే ముక్కలు. ఆ టేబుల్ వదిలెయ్!"

ఉద్యోగం వచ్చింది. మొదటివారమే చిన్నకోడలి వెనక జనం ఎక్కువయ్యారు. పక్క గదిలోంచి చూస్తున్న పెద్దకోడలికి గుండెల్లో ఎక్కడో చురుక్కుమంది. అంతలో రాజుల సింహాసనం ముందు రాజరికానికి ఇంగ్లీషు మాట దగ్గర చిన్నకోడలు తడబడింది. "మొనా..." అని ఆగి, బిక్కమొహంతో ఇటు చూసింది.

పెద్దకోడలు శబ్దం రాకుండా, పెదవులు మాత్రం కదిపి చెప్పింది: "మొనార్కీ."