వెంకట్రాములు నిద్ర వైద్యం

ఆ పొద్దున రెండో చాయ్ చల్లారిపోతున్నా వెంకట్రాములు ధ్యాసంతా హిప్నోథెరపీ మీదే ఉంది. నెల రోజులుగా ఆయనకు కంటిమీద కునుకు లేదు. మాత్రలతో లాభం లేకపోయేసరికి, మెదక్‌లో కొత్తగా క్లినిక్ పెట్టిన ఆశా మేడం దగ్గర భార్య రజని ఆయన పేరు రాయించింది. అక్కడ కళ్ల ముందు గడియారం ఊపుతారని ఎవరో చెబితే, ఆయన తన పైపుల దుకాణంలో కొలత టేపు ఊపుకుని కూడా చూశాడు. తల తిరిగిందే తప్ప నిద్ర రాలేదు.

రజని ఆలోచన వేరు. కూతురు మహతికి రైలింజన్ నడిపే ఉద్యోగం వచ్చింది. వారంలో చేరాలి. అప్పట్లో ఆమె హైదరాబాద్ హాస్టల్‌కు పోతానన్నందుకే అన్నం ముట్టని మనిషికి ఈ సంగతి చెప్పే గుండె ఎవరికుంది? తల్లీకూతుళ్లు గుట్టుగా ఉండిపోయారు.

క్లినిక్‌లో ఆయన ఫారం నింపుతుండగా రజని మేడం గదిలోకి వెళ్లింది.

“మేడం, ఆయన మత్తుల ఉన్నప్పుడు బిడ్డ నౌకరికి ఒప్పుకోమని చెవుల ఒక మాట వెయ్యుండ్రి.”

“మత్తేం ఉండదమ్మా. ఆయనకు అన్నీ వినబడ్తయి, యాదికుంటయి. ఇష్టం లేనిది నేను ఒప్పించలేను. అది మీరే అడగాలె.”

రజని మొహం చిన్నబోయింది.

వెంకట్రాములు వచ్చి కూర్చుని ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు. కడుపులో ఉన్నదంతా కక్కేస్తానా? మధ్యలో లేవొచ్చా? చెప్పదలచుకున్నదే చెబుతారని, ఎప్పుడంటే అప్పుడు కళ్లు తెరవొచ్చని, తొలిరోజు సగం సమయం మాటలకే పోతుందని ఆశా ఓపిగ్గా చెప్పింది. నిద్ర ఎప్పటినుంచి పట్టడం లేదని అడిగింది.

“బిడ్డకు నౌకరి వచ్చిందని తెల్సిన కాడికెల్లి. పోస్టాయన దుకాణంలనే చెప్పిండు.”

పక్కనే ఉన్న రజని చటుక్కున ఆయన వైపు తిరిగింది.

“ఇయ్యాల చెప్తరు, రేపు చెప్తరని చూసిన. నేను ఇంట్లకు రాంగనే ఇద్దరు ముచ్చట ఆపుతరు. గంత పరాయోన్నైననా?”

“వద్దంటవని భయమైంది,” అంది రజని కళ్లు తుడుచుకుంటూ.

“అంటుంటినేమో. అడిగితే గద తెల్సేది.”

కాసేపటికి ఆశా ఆయన్ను వెనక్కి వాలి కళ్లు మూసుకోమంది. మెల్లగా ఊపిరి లెక్కపెట్టించింది. బయట ఆటోల హారన్లు ఆయనకు వినబడుతూనే ఉన్నాయి. భుజాలు మాత్రం బరువు దించుకున్నట్టు తేలికయ్యాయి. కళ్లు తెరిచాక, ఇంతేనా అని ఆశ్చర్యపోయాడు. ఇంకో నాలుగుసార్లు రావాలంటే సరేనన్నాడు.

ఇంటికి రాగానే రజని కూతుర్ని తండ్రి ముందుకు తోసి, నువ్వే అడుగు అంది.

“నాయినా, నేను రైలు నడుపుత. పోనిస్తవా?”

ఆయన కూతురి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“నాకు భయమైతది బిడ్డ. అబద్ధమెందుకు. గని నువ్వు పో. నీ బండి మెదక్ స్టేషన్‌కు వచ్చే దినం ముందుగాల చెప్పు. మీ అమ్మను తీస్కొని వస్త.”