ఫార్మాట్ చేయమంటారా?

ఆగండాగండి. చేతిలో పని పక్కన పెట్టి ఇది వినండి. తుపాకీ గురిపెట్టినా కన్నార్పని ఏజెంట్ గద్ద, ఆ మధ్యాహ్నం ఆన్ కాని ఒక లాప్‌టాప్ ముందు ఏడ్చినంత పని చేశాడు.

పొద్దున పావురం అనే మారుపేరున్న కొరియర్ నుంచి మెసేజ్ వచ్చింది: "ముఖం దొరికింది. ఫొటో పట్టుకొస్తున్నా." అంతే. డిపార్ట్‌మెంట్‌కి ముసుగుగా ఉన్న దర్జీ షాపు మెట్ల మీద ఎవరో అతణ్ణి కాల్చేశారు. ప్రాణం ఉంది గానీ స్పృహ లేదు. చంకలో ఉన్న లాప్‌టాప్ మెట్ల మీంచి దొర్లింది.

చీఫ్ బ్రీఫింగ్ రెండు ముక్కల్లో అయిపోయింది. నల్లగొడుగు అనే విదేశీ ముఠా హంతకుణ్ణి పంపింది, వాడి ముఖం ఆ లాప్‌టాప్‌లో ఉంది. టార్గెట్, సాయంత్రం సభలో ముఠా దొంగతనాలు బయటపెట్టబోతున్న శాస్త్రవేత్త. మూడో ముక్క చీఫ్ చెప్పక్కర్లేదు. ఆ శాస్త్రవేత్త గద్దకి తోడబుట్టిన అక్క. సభ మానుకోమంటే ససేమిరా అంది. డిపార్ట్‌మెంట్ కారులోనే రావడానికి మాత్రం ఒప్పుకుంది.

గద్ద పవర్ బటన్ నొక్కాడు. నల్లటి తెర. చార్జర్ మార్చాడు. నల్లటి తెర. బ్యాటరీ పీకి మళ్లీ పెట్టాడు. ఫ్యాన్ గుర్రుమని ఊరుకుంది. ఫొటోకి కాపీ ఉందా అని కంట్రోల్ రూమ్‌ని అడిగితే, ఫీల్డ్ ఫైళ్లకి కాపీలు తీయకూడదని రూల్ ఉందన్నారు. కాపీ తీస్తే లీకవుతుందట. ఆ రూల్ రాసినవాడి చెవి మెలిపెట్టాలనిపించింది గద్దకి.

డిస్క్ బయటికి తీద్దామంటే ఇంకో తంటా. అతని పెన్ను మత్తుసూది విసురుతుంది, వాచీ గోడవతల మాటలు వింటుంది. లాప్‌టాప్ అడుగున ఉన్న బుల్లి స్క్రూలు విప్పే స్క్రూడ్రైవర్ మాత్రం బిల్డింగ్ మొత్తంలో లేదు.

చివరికి ల్యాబ్ ఇంజినీర్ వచ్చింది. సాధింపులు భరించలేక ఆఫీసంతా ఆవిడకి అత్తగారు అని పేరు పెట్టింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి స్క్రూడ్రైవర్ తీసి, నీ గాడ్జెట్లు అటకెక్కించు బాబూ అంటూ డిస్క్ విప్పి, కేబుల్‌తో తన కంప్యూటర్‌కి తగిలించింది. వెనకాలే సంపెంగ కూడా వచ్చింది. ముత్యాల దండ, హైహీల్స్, ఆరు భాషలు. రెండు నెలల కిందట నల్లగొడుగుని వదిలి మన వైపు వచ్చిన ఏజెంట్.

తెర మీద చిన్న పెట్టె తెరుచుకుంది. ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి. చేయమంటారా?

"యస్ నొక్కండి గద్దగారూ," అంది సంపెంగ మెత్తగా. "మామూలే, ఎప్పుడూ అడుగుతుంది."

విసిగిపోయిన గద్ద వేలు మౌస్ మీదకి వెళ్లింది. అత్తగారు ఆ వేలి మీద ఒక్కటేసింది.

"ఫార్మాట్ అంటే ఉన్నదంతా ఊడ్చెయ్యడం. ఇంటికి తాళం పడితే ఇల్లు తగలబెడతావా?"

నో నొక్కి, పెన్ డ్రైవ్‌లో ఉన్న ఇంకో సిస్టమ్‌తో కంప్యూటర్‌ని మళ్లీ లేపింది. ఫోల్డర్లు కనిపించాయి. కాపీ మొదలైంది. ఇంకాస్తలో పూర్తవుతుందనగా తెర ఆరిపోయింది. సంపెంగ హీల్ తగిలి ప్లగ్ ఊడిందట. సారీ చెప్పింది. గద్ద గోడని తన్నాడు.

ఈలోగా అక్క ఫోన్ మీద ఫోన్. ఏం చెప్పాలో తెలియక ప్రతిసారీ కట్ చేశాడు.

రెండోసారి కాపీ పూర్తయింది. ఫొటో పైనుంచి కిందికి మెల్లగా విచ్చుకుంది. టోపీ. మీసం. డిపార్ట్‌మెంట్ డ్రైవర్ యూనిఫాం. పక్కనుంచి వాడికి కారు తాళాలు అందిస్తున్న చెయ్యి. ఆ పైన ముత్యాల దండ.

సంపెంగ తలుపు దాకానే వెళ్లగలిగింది. పెన్ను మొదటిసారి పనికొచ్చింది.

గద్ద అక్కకి ఫోన్ చేశాడు. కట్. మళ్లీ చేశాడు. మళ్లీ కట్. ఇంతసేపూ తను చేసిందే ఆవిడా చేస్తోంది. అత్తగారు తన ఫోన్ తీసి ఆ నంబర్ కొట్టింది.

"అమ్మా, కారెక్కారా?"

"ఒక కాలు లోపల పెట్టాను. ఎవరండీ?"

"మీ తమ్ముడి ఆఫీసు. కాలు బయటికి తీసి ఇంట్లోకెళ్లి గడియ పెట్టుకోండి. వాడు స్వయంగా వస్తున్నాడు."

"వాడా?" అక్క నవ్వింది. "వాడు చెప్పిన టైముకి రావడం చూడాలంటే గడియేంటి, వంటింట్లో కూర్చుని వంట కూడా చేస్తా."

తలుపు వేసుకుంది. డ్రైవర్ ఆ తలుపుని భుజంతో గుద్దుతుండగా గద్ద జీపు గేటుని గుద్దింది.

సభ జరిగింది. పట్టుబడ్డ డ్రైవర్ నోరు విప్పలేదు, సంపెంగ తనకేమీ తెలియదంటోంది. లాప్‌టాప్‌ని సిస్టమ్స్ సెక్షన్ వాళ్లు పట్టుకెళ్లి, ఆన్ కాని మెషీన్‌ని ఏం చేయాలో రూల్‌లో ఉన్నట్టే డిస్క్‌తో సహా ఊడ్చేశారు. ఇక సాక్ష్యమంటూ మిగిలింది అత్తగారి కంప్యూటర్‌లో ఉన్న కాపీ ఒక్కటే. దానికి ఆవిడకి మెమో వచ్చింది. రూల్‌కి విరుద్ధమైన ఆ కాపీని గద్ద సమక్షంలో చెరిపేయాలట.

ఇప్పుడు ఇద్దరూ ఆ తెర ముందే కూర్చున్నారు. చిన్న పెట్టె తెరుచుకుని అడుగుతోంది: చెరిపేయమంటారా?

మీరైతే ఏం నొక్కుతారు?